‘రాజుల యుద్ధములు’: విముఖ పాఠకుల కోసం అచ్చయిన సీమ యుద్ధకథ

వ్యాససంగ్రహం:

చదవడం రానివారి గురించీ, చదువే జీవితంగా బ్రతికినవారి గురించీ తెలుగు సాహిత్యచరిత్ర కొంత చెప్పింది. అక్షరాలు తెలిసి కూడా పుస్తకం పట్టడానికి మనసొప్పని పెద్దల గురించి మాత్రం చెప్పింది తక్కువ. అటువంటి పెద్దల చేత చదివించడానికి చిన్న యుద్ధకథ ఒక సాధనమని నేడు ప్రపంచంలో పలు దేశాలు గుర్తించాయి. తెలుగులో ఇందుకు దగ్గరి పూర్వరూపం 1853లో మద్రాసు నుంచి వెలువడింది. అది చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ప్రకటించిన ‘రాజుల యుద్ధములు’ అనే అనంతపుర చరిత్ర. కంపెనీ కొలువు కోసం తెలుగు నేర్చుకోవలసివచ్చిన ఆంగ్లోద్యోగులు దాని తొలి పాఠకవర్గం. దత్తమండలాల పాలెగాళ్ల యుద్ధాలు దాని వస్తువు. కరణాల వాడుక వచనం దాని భాష. ఈ మూడింటి కలయికను, అదే ఏడాది వెలువడిన ‘నీతిచంద్రిక’తో దాని వైరుధ్యాన్ని, తరువాతి సాహిత్యంపై దాని ప్రభావాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సి.పి. బ్రౌన్, రాజుల యుద్ధములు, అనంతపుర చరిత్ర, కైఫీయత్తులు, పాలెగాళ్లు, వాడుక వచనం, వయోజన పాఠకులు.

1. ఉపోద్ఘాతం:

పుస్తకానికి దూరమైన పెద్దలు రెండు రకాలుగా ఉంటారు. అక్షరం రానివారు మొదటి రకం. అక్షరం వచ్చినా, బడిలో ఎదురైన అవమానం వల్లనో, బ్రతుకుతెరువు ఒత్తిడి వల్లనో, చేతికి వచ్చిన పుస్తకం తమది కాదనిపించడం వల్లనో చదువుకు ముఖం తిప్పుకున్నవారు రెండవ రకం. ఈ రెండవ రకంవారిని ఈ వ్యాసంలో ‘విముఖ పాఠకులు’ అని వ్యవహరించడం జరిగింది. నిరక్షరాస్యుడికి వాచకం చాలు. విముఖ పాఠకుడికి వాచకంతో పని లేదు. పేజీ తిప్పించే కథ కావాలి. ఆ కథ చిన్నదై ఉండాలి. అతన్ని పిల్లవాడిగా చూడకూడదు.

బ్రిటన్‌లో 2006లో మొదలైన ‘క్విక్ రీడ్స్’ పుస్తకమాల ఈ అవగాహన మీదే నిలిచింది. పేరుపొందిన రచయితల చేత, తక్కువ పుటల్లో, సరళమైన వాక్యాల్లో, పెద్దలకు తగిన వస్తువుతో కథలు రాయించడం దాని పద్ధతి. బ్రిటిష్ ప్రత్యేక దళంలో పనిచేసిన ఆండీ మెక్‌నాబ్ ఆ మాలకు చిన్న సాహసకథలు రాశాడు. సరిగా చదవలేని కుర్రవాడిగా సైన్యంలో చేరి, అక్కడే చదువు నేర్చిన వ్యక్తి అతడు. విముఖ పాఠకుణ్ణి పుస్తకం దగ్గరకు తీసుకురావడానికి యుద్ధకథ ఎందుకు పనికివస్తుందో అతని జీవితమే చెబుతుంది. యుద్ధకథలో ‘తరువాత ఏమైంది?’ అనే ప్రశ్న ఆగదు. ఆ ప్రశ్న ఉన్నంతసేపు చదివేవాడికి చదువుతున్నానన్న భారం తెలియదు.

తెలుగులో ఇటువంటి ప్రయత్నం ఆధునిక వయోజన విద్యోద్యమంతోనే మొదలైందనుకోవడం సహజం. కాని అంతకు శతాబ్దం పైచిలుకు ముందే రాయలసీమ యుద్ధచరిత్ర ఒకటి విముఖ పాఠకుల చేతికి పుస్తకంగా చేరింది. ఆ పాఠకులు తెలుగువారు కారు. అయినా ఆ పుస్తకం తెలుగు వచనానికీ తెలుగు కవిత్వానికీ సంబంధించిన రెండు ముఖ్యమైన ప్రశ్నలను ముందుకు తెస్తుంది.

2. పాలెగాళ్ల సీమ:

కడప జిల్లాలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, కమలాపురం ప్రాంతాలు కలిసే నడిమిభాగంలో వీరపునాయునిపల్లె మండలం ఉంది. ఊరిపేరులోనే ‘నాయుడు’ అన్న మాట నిలిచి ఉంది. ‘పల్లె’, ‘కోట’, ‘పాలెం’ వంటి మాటలతో ముగిసే ఇక్కడి ఊరిపేర్లు విజయనగర కాలం నాటి నాయకుల వ్యవస్థను, ఆ తరువాతి పాలెగాళ్ల కాలాన్ని గుర్తుకు తెస్తాయి. పడమటి దిక్కున పులివెందుల ప్రాంతంలోని వేముల ఒక పాలెగాడి స్థానం. ఉత్తరాన జమ్మలమడుగు దగ్గర పెమ్మసాని నాయకుల గండికోట 1650లో మీర్ జుమ్లా చేతికి చిక్కింది. తూర్పున సిద్ధవటం మట్లిరాజుల ఏలుబడిలో ఉండేది.

తెలుగు వచనానికీ ఈ నేల పాతచుట్టం. రేనాటి చోళుల కలమళ్ల శాసనం యర్రగుంట్ల మండలంలోనిది. ఎర్రగుడిపాడు శాసనం కమలాపురం ప్రాంతంలోనిది. రెండూ వీరపునాయునిపల్లెకు ఇరుగుపొరుగు ఊళ్లవే. తెలుగు తొలిసారిగా రాతికెక్కింది ఈ చుట్టుపక్కలనే. అలా రాతికెక్కినది పద్యం కాదు, వ్యవహారానికి పనికివచ్చే వచనం. ఊరి వ్యవహారాన్ని వచనంలో నమోదుచేసే ఆ అలవాటు తరువాతి కాలంలో కరణాల చేతిలో కొనసాగింది.

1800 అక్టోబరు 12న జరిగిన ఒప్పందంతో హైదరాబాదు నిజాము ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. ‘దత్తమండలాలు’ అన్న పేరు అప్పటిదే. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ ఉన్నాడు. అప్పటికి సుమారు 80 మంది పాలెగాళ్లు ఈ మండలాల్లో ఉన్నారు. జనరల్ డుగాల్డ్ క్యాంప్‌బెల్ సేనల సాయంతో మన్రో వారిని అణచివేశాడు. కొందరికి పింఛన్లు ఏర్పాటుచేసి సరిపెట్టాడు, కొందరిని వెళ్లగొట్టాడు. ఆ కాఠిన్యానికి కంపెనీ డైరెక్టర్లే అతన్ని తప్పుపట్టారు.

పాలెగాళ్ల కథ అంతటితో ముగియలేదు. అప్పట్లో కడప జిల్లాలో భాగమైన కోవెలకుంట్ల తాలూకాలో 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న అతన్ని ఉరితీశారు. ‘రాజుల యుద్ధములు’ వెలువడేనాటికి ఆ సంఘటన జరిగి ఆరేళ్లే. పాలెగాళ్ల యుద్ధాలు ఆనాటి ఉద్యోగులకు దూరపు గతం కావు. తమ సర్కారు ఎదుర్కొన్న నిన్నటి సంగతి.

3. కొలువు కోసం తెలుగు నేర్చిన పెద్దలు:

కంపెనీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పడానికి 1812లో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాల ఏర్పడింది. అక్కడి విద్యార్థులు బాలురు కారు. వారు పరీక్ష నెగ్గితే గాని ఉద్యోగంలో కుదురుకోలేని యువకులు. వారిలో అధికులకు తెలుగు మీద ప్రేమ లేదు, అవసరం మాత్రమే ఉంది. పైగా వారికి అందిన పుస్తకాలు వారి అవసరాన్ని తీర్చేవి కావు. కచేరీలో రైతు చెప్పుకొనే మొర ఒక భాషలో ఉండేది. పంతులు దగ్గర చదివే పుస్తకం మరొక భాషలో ఉండేది.

కళాశాల కోసం సిద్ధమైన వచనరచనల్లో రావిపాటి గురుమూర్తిశాస్త్రి ‘విక్రమార్కుని కథలు’ (1819), ‘పంచతంత్రం’ ముఖ్యమైనవి. వాటి చారిత్రక విలువ కాదనలేనిది. అయితే రెవెన్యూ వసూలుకూ తగవుల తీర్పుకూ వెళ్లవలసిన ఉద్యోగికి భేతాళుడి ప్రశ్నలూ, సింహమూ నక్కా సంభాషణలూ ఎంతవరకు ఉపకరిస్తాయన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది. విముఖ పాఠకుడి విషయంలో జరిగే సర్వసాధారణమైన పొరపాటు ఇదే. భాష కొత్త గనుక బుద్ధీ కొత్తదేనని భావించి, పెద్దవాడికి పిల్లల కథ ఇవ్వడం జరుగుతుంది.

బ్రౌన్ ఈ ఇబ్బందిని స్వయంగా అనుభవించినవాడు. 1798లో కలకత్తాలో పుట్టిన అతడు 1817లో మద్రాసు చేరి, వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు నేర్చుకున్నాడు. 1820 ఆగస్టులో కలెక్టరు హాన్‌బరీకి సహాయకుడిగా కడపకు వచ్చాడు. కడపలోనే తెలుగు అతనికి పరీక్షాంశం స్థాయి దాటి ఊరి మాట అయింది. 1826లో తిరిగి కడపకు వచ్చాక తోటతో కూడిన బంగళా కొని, అందులో పండితులను, లేఖకులను పెట్టుకొని తాళపత్రాలకు ప్రతులు రాయించాడు. ఆ పనికి అయోధ్యాపురం కృష్ణారెడ్డి అండగా నిలిచాడు. తాను పడ్డ ఇబ్బంది తరువాత వచ్చేవారు పడకూడదన్న తలంపు బ్రౌన్ నిఘంటువుల్లోనూ వ్యాకరణంలోనూ పాఠ్యగ్రంథాల్లోనూ కనిపిస్తుంది. ‘రాజుల యుద్ధములు’ ఆ వరుసలోనిదే.

4. ‘రాజుల యుద్ధములు’ స్వరూపం:

ఈ గ్రంథం అనంతపుర చరిత్ర. సుమారు 1750–1810 మధ్యకాలంలో తెలుగులో రాసినదిగా బ్రౌన్ దీన్ని పరిచయం చేశాడు. దీని ఆంగ్లానువాదం 1853లో మద్రాసులో క్రైస్తవ విజ్ఞాన సంఘం ముద్రణాలయంలో అచ్చయింది. అనంతపురాన్ని ఏలిన హండే వంశపు పాలెగాళ్ల చరిత్ర దీనికి ఇరుసు.

ఆ వంశచరిత్రలోని ముఖ్యఘట్టాలు జిల్లాచరిత్రల్లో నమోదై ఉన్నాయి. 1757లో గుత్తి మరాఠా సర్దారు మురారిరావు అనంతపురాన్ని ముట్టడించాడు. పాలెగాడు గట్టిగా నిలిచాడు. చివరకు 50,000 రూపాయలు చెల్లించి ముట్టడిని వదిలించుకున్నాడు. తరువాత పట్టణం హైదరాలీకి, అతని కొడుకు టిప్పూ సుల్తానుకు లోబడింది. టిప్పూ ఆ కుటుంబంలోని మగవారిని ఉరితీయించాడు. సిద్ధప్ప ఒక్కడు శ్రీరంగపట్నం చెరనుంచి తప్పించుకున్నాడు. 1799లో టిప్పూ మరణించాక తిరిగివచ్చి అనంతపురాన్ని చేపట్టాడు. నిజాముకు లొంగి, ఆపైన 1800లో కంపెనీ పాలన రాగానే పింఛనుదారుగా మిగిలాడు.

ముట్టడి, బేరం, ద్రోహం, చెర, పలాయనం, పునరాగమనం అనే ఈ వరుసలో సాహసకథకు కావలసిన అంగాలన్నీ ఉన్నాయి. వీటిని ఎవరూ కల్పించలేదు. ఏ ఘట్టం దగ్గర ఆపినా తరువాతి ఘట్టం కోసం పాఠకుడు ఆగవలసివస్తుంది. పైగా ఆ ఊళ్లు పాఠకుడు రేపు గుర్రం మీద వెళ్లవలసిన ఊళ్లు. ఆ వంశాల వారసులు రేపు కచేరీలో అర్జీ పట్టుకొని అతని ముందు నిలబడవలసినవారు. అందువల్ల చదవడంలో కుతూహలమూ ప్రయోజనమూ ఒకటయ్యాయి. విక్రమార్కుడి సింహాసనం ఇవ్వలేనిది అనంతపురం కోటగోడ ఇవ్వగలిగింది.

బ్రౌన్ పెట్టిన పేరునూ గమనించాలి. ఒక ఊరి చరిత్రకు, ఒక వంశచరిత్రకు అతడు ‘రాజుల యుద్ధములు’ అని పేరుపెట్టాడు. ఆ పేరు పాఠకుణ్ణి పిలిచే పేరు. అయితే అందులో కొంత నష్టమూ ఉంది. అనంతపుర చరిత్ర మొదలయ్యేది యుద్ధంతో కాదు, చెరువుతో. విజయనగర కాలంలో చిక్కప్ప ఒడయరు 1364లో అనంతసాగరం, బుక్కరాయసముద్రం చెరువులు కట్టించాడన్నది ఆ పట్టణపు మూలకథ. నీటికథగా మొదలైన చరిత్ర పుస్తకం అట్టమీదికి వచ్చేసరికి కత్తికథగా మారింది. ఈ విషయం ఏడవ భాగంలో మళ్లీ చర్చకు వస్తుంది.

5. కరణాల వచనం, యుద్ధపరిభాష:

కల్నల్ కాలిన్ మెకంజీ (1754–1821) కావలి సోదరులు మొదలైనవారి సాయంతో ఊరూరా సేకరింపజేసిన కైఫీయత్తులు దత్తమండలాల చరిత్రకు ముఖ్యమైన ఆధారాలు. వాటికి ప్రతులు రాయించి సంపుటాలుగా కట్టించి భద్రపరచిన ఘనత బ్రౌన్‌ది. అనంతపుర చరిత్ర ఆ కైఫీయత్తుల కుటుంబానికి చెందిన రచన. కైఫీయత్తు రాసేవాడు కవి కాడు, కరణం. రాజు పేరు, ఊరి సరిహద్దు, చెరువు కట్టించినవారు, గుడికి ఇచ్చిన మాన్యం, జరిగిన పోరు, ఇచ్చిన పేష్కషు అతనికి ముఖ్యం. వర్ణన అతనికి అక్కరలేదు.

ఈ వచనానికి కొన్ని లక్షణాలు ఉన్నాయి. ‘చేసినారు’, ‘పోయినాడు’, ‘వచ్చినందున’ వంటి వాడుక రూపాలు ఇందులో ఎక్కువ. క్త్వార్థకాలతో పనులను వరుసగా కూర్చి, చివర ఒక సమాపక క్రియతో ముగించే వాక్యం దీని ఆయువుపట్టు. ఒకడు బయలుదేరి, ఊరు చేరి, కోట చుట్టి, రాయబారం పంపి, లొంగదీసుకున్నాడన్న నడకలో చదివేవాడు ఆగడానికి చోటు లేదు. నేటి సాహసకథల వేగం పొట్టి వాక్యాల వల్ల వస్తుంది. కరణం వచనంలో ఆ వేగం పని వెనుక పని తరుముకురావడం వల్ల వస్తుంది.

పదజాలం కూడా అటువంటిదే. ఫౌజు, లష్కరు, సవారు, కిల్లా, బురుజు, ఠాణా, జమేదారు, బారు, ఫిరంగి, మోర్చా, పేష్కషు, జప్తు వంటి మాటలు యుద్ధానికీ పాలనకూ సంబంధించిన అన్యదేశ్యాలు. పండితులు వీటిని మ్లేచ్ఛపదాలన్నారు. కచేరీ మాత్రం వీటితోనే నడిచేది. బ్రౌన్ ఈ మాటలను తొలగించలేదు. పైగా ఇటువంటి మాటల కోసం ‘జిల్లా నిఘంటువు’ను (1852), మిశ్రభాషాపదాల నిఘంటువును (1854) వేరుగా కూర్చాడు. ‘రాజుల యుద్ధములు’ ఆ రెండింటి నడుమ వచ్చింది. నిఘంటువులో విడివిడిగా ఉన్న మాటలు యుద్ధకథలో పనిచేస్తూ కనిపిస్తాయి. నేర్చేవాడికి ఇంతకంటే ఉపకారం లేదు.

ఈ వచనాన్ని చరిత్రరచనగా గౌరవించడం ఆలస్యంగా జరిగింది. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్‌మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం 2001లో వెలువరించిన గ్రంథంలో దక్షిణభారత కరణాల వచనానికి చారిత్రక స్పృహ ఉందని వాదించారు. అంతకు ముందు చాలాకాలం చరిత్రకారులు వీటిని కట్టుకథలన్నారు, సాహిత్యకారులు ఇవి సాహిత్యం కావన్నారు. చరిత్ర ఇంట్లోనూ సాహిత్యం ఇంట్లోనూ చోటులేక ఈ వచనం గ్రంథాలయపు అరల్లో ఉండిపోయింది.

6. 1853లో రెండు పుస్తకాలు:

1853 తెలుగు వచనచరిత్రలో నాలుగుదారుల కూడలి. పరవస్తు చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ వెలువడింది ఆ ఏడాదే. రెండు పుస్తకాలూ అచ్చయింది మద్రాసులోనే. రెండూ నేర్చుకొనేవారి కోసం ఉద్దేశించినవే. పోలిక అంతటితో సరి.

‘నీతిచంద్రిక’ మిత్రలాభ మిత్రభేదాల కథలను సలక్షణమైన గ్రాంథికంలో, సంధులు తప్పని బిగువైన వాక్యాల్లో చెప్పింది. అది బడికి వెళ్లింది. బడి ద్వారా పరీక్షకు, పరీక్ష ద్వారా సర్కారు నౌకరీకి మార్గమైంది. తరువాతి తరాలు మంచి వచనమంటే సూరి వచనమనే నమ్మాయి. కొక్కొండ వెంకటరత్నం పంతులు, కందుకూరి వీరేశలింగం ఆ దారిలోనే మిగిలిన తంత్రాలకు వచనం రాశారు. ‘రాజుల యుద్ధములు’ బడికి వెళ్లలేదు. దొరలు పరీక్ష నెగ్గి దాన్ని పక్కన పెట్టారు. తెలుగువారు దాన్ని దొరల పుస్తకమనుకున్నారు.

ఇక్కడ చిన్నయసూరిని తప్పుపట్టడం సమంజసం కాదు. అతడు కోరింది భాషకు కట్టుబాటు. ఆ కట్టుబాటులో అందం ఉంది, ఓర్పు ఉంది. అయితే ఒకే రకం వచనం మాత్రమే విద్యగా చెల్లుబాటు కావడం వల్ల కలిగిన నష్టం వేరు. ఊరి కరణం రాయగలిగిన, ఊరిపెద్ద విని అర్థంచేసుకోగలిగిన వచనం ‘చదువు’ కాకుండా పోయింది. కడప జిల్లా రైతు తన ఊరి యుద్ధకథను తన మాటలోనే చదువుకొనే అవకాశం ఉండి కూడా, నేర్వని సంధుల గుండా నక్కల కథలోకి ప్రవేశించవలసివచ్చింది. ఆంగ్లోద్యోగికి బ్రౌన్ తొలగించిన అడ్డంకి తెలుగు రైతుకు కొత్తగా వచ్చిపడింది. విముఖ పాఠకులు పుట్టుకతో విముఖులు కారనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

గిడుగు రామమూర్తి వ్యావహారిక భాషావాదానికి పూర్వప్రమాణాల కోసం వెదికినప్పుడు ఈ పాత వచనాల వైపే చూశాడు. శాసనాలు, కైఫీయత్తులు, లేఖలు, యాత్రాచరిత్రలు శిష్టవ్యవహారంలో ఉన్నాయని నిరూపించడానికి 1933లో ‘గద్యచింతామణి’ని సంకలనం చేశాడు. వాడుకవచనం దొరల కోసం పుట్టినది కాదనీ, దొరలకంటే ముందే తెలుగువారు రాసుకున్నదనీ అతని వాదం సారాంశం. 1853లో రెండుగా చీలిన దారులు మళ్లీ ఎదురెదురుగా నిలవడానికి 80 ఏళ్లు పట్టింది.

7. యుద్ధకథలో చెరువుకథ:

‘రాజుల యుద్ధములు’ తెలుగు సాహిత్యంలో మిగిల్చిన ముద్ర యుద్ధాలది కాదు. ఇది దాని చరిత్రలో అన్నిటికంటే గమనించదగిన సంగతి.

అనంతపుర చరిత్రలో ముసలమ్మ వృత్తాంతం ఒకటి ఉంది. బుక్కరాయసముద్రం చెరువుకు గండిపడే స్థితి వచ్చింది. బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలిగా అర్పిస్తే తప్ప కట్ట నిలవదని దైవవాణి పలికింది. ఊరిని కాపాడడానికి ఆమె తానై ఆ గండిలోకి నడిచింది. ముట్టడుల మధ్య, చెల్లింపుల లెక్కల మధ్య ఇది ఒక చిన్న ఘట్టం.

మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుతున్న కట్టమంచి రామలింగారెడ్డి (1880–1951) ఈ ఘట్టాన్ని తీసుకొని 1899లో ‘ముసలమ్మ మరణము’ కావ్యం రాశాడు. కళాశాల ఆంధ్ర భాషాభిరంజని సమాజం పోటీలో దానికి బహుమతి లభించింది. రాజు కాని, దేవత కాని, పురాణపాత్ర కాని కాక ఊరి రెడ్డింటి కోడలు నాయికగా వచ్చిన ఆ చిన్న కావ్యాన్ని ఆధునిక ఖండకావ్యానికి తొలి అడుగుగా విమర్శకులు పలువురు పరిగణించారు. విషాదాంతం కూడా ఆనాటి తెలుగు కావ్యానికి కొత్త.

ఇందులోని విశేషం స్పష్టం. బ్రౌన్ పుస్తకానికి యుద్ధం పేరుపెట్టాడు. ఆంగ్లోద్యోగి యుద్ధం కోసం చదివాడు. సీమకు చెందిన పందొమ్మిదేళ్ల తెలుగు విద్యార్థికి మాత్రం అందులో చెరువుకట్ట కనిపించింది. దత్తమండలాల మనిషికి వానా, చెరువూ, గండీ ఎంతటి ప్రాణసంకటాలో తెలిసినవాడికే ఆ ఘట్టం పెద్దదిగా కనబడుతుంది. ముట్టడి ఏడాదికో పదేళ్లకో వస్తుంది. చెరువు తెగడం ప్రతి వానకూ పొంచి ఉన్న ముట్టడి. ఆ అర్థంలో ముసలమ్మ నడిచింది కూడా యుద్ధభూమికే.

అంటే చరిత్ర రాసిన కరణం కత్తినీ కట్టనూ ఒకే పుస్తకంలో పెట్టాడు. అచ్చువేసినవాడు కత్తిని ముందుకు తెచ్చాడు. నేలనెరిగిన పాఠకుడు కట్టను వెదికి పట్టుకున్నాడు. పుస్తకం ఎవరి కోసం అచ్చయినా, దాన్ని తమది చేసుకొనే పాఠకులు వేరుగా ఉంటారని ఈ ఉదంతం తెలుపుతుంది.

8. దొరల నుంచి వయోజనుల దాకా:

స్వాతంత్ర్యానంతరం విముఖ పాఠకుల ప్రశ్న కొత్తరూపంలో వచ్చింది. 1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం, 1988 మే 5న జాతీయ సాక్షరతా మిషన్ మొదలయ్యాయి. కూలినాలి ముగించుకొని రాత్రి దీపం ముందు కూర్చున్న స్త్రీపురుషులకు ఏమి చదివించాలన్నది ఆనాటి సమస్య.

నెల్లూరు జిల్లా అనుభవం ఇక్కడ ముఖ్యమైనది. 1991లో సాగిన సంపూర్ణ సాక్షరతా కార్యక్రమంలో చదువుకున్న స్త్రీల కోసం వచ్చిన వాచకాల్లో సారా వల్ల నాశనమైన కుటుంబాల కథలు, ఏకమై ఎదురుతిరిగిన స్త్రీల కథ పాఠాలుగా ఉన్నాయి. దూబగుంట స్త్రీలు సారా దుకాణాన్ని మూయించారు. ఆ విజయం మళ్లీ పాఠమై ఇతర గ్రామాలకు చేరింది. ఉద్యమం రాష్ట్రమంతా వ్యాపించింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది. కొద్ది వాక్యాల కథ చదివిన పెద్దలు ఆ కథను పుస్తకంలో వదిలిపెట్టలేదు. ఎందుకంటే ఆ కథ వారిని పిల్లలుగా చూడలేదు. వారి ఇంటి పోరాటాన్ని వారి మాటలో చెప్పింది.

1853 నాటి ఉద్యోగికీ 1991 నాటి కూలిస్త్రీకీ పోలిక తేవడం విచిత్రంగా తోచవచ్చు. అధికారంలో ఇద్దరూ రెండు కొసల వారు. ఒకరు ఏలడానికి చదివారు, మరొకరు ఏలుబడిని ప్రశ్నించడానికి చదివారు. కాని పఠనం విషయంలో ఇద్దరికీ పనికివచ్చిన సూత్రాలు ఒకటే. అవి నాలుగు:

అ) కథ తెలిసిన నేల మీద జరగాలి.
ఆ) భాష పాఠకుడు నిత్యం వినే భాషకు దగ్గరగా ఉండాలి.
ఇ) ప్రతి పుటలో ఏదో ఒకటి జరగాలి, ఉపదేశం వెనుక ఉండాలి.
ఈ) వస్తువు పెద్దల బుద్ధికి, అనుభవానికి తగినదై ఉండాలి.

9. ముగింపు:

2011 జనాభా లెక్కల ప్రకారం కడప జిల్లా అక్షరాస్యత సుమారు 67 శాతం. ఈ అంకె అక్షరం వచ్చినవారిని లెక్కిస్తుంది. పుస్తకం చదివేవారిని లెక్కించదు. వీరపునాయునిపల్లె వంటి మండలాల్లో దస్తావేజు, బ్యాంకు కాగితం, చరవాణి తెర చదవగలిగినా పుస్తకం తెరవనివారు అక్షరాస్యుల లెక్కలోనే కలిసిపోతారు. వారికి అందించదగిన వస్తువు కొరవడలేదు. బ్రౌన్ నివసించిన కడపలోనే జానమద్ది హనుమచ్ఛాస్త్రి కృషితో వెలసిన సి.పి. బ్రౌన్ గ్రంథాలయం నేడు యోగి వేమన విశ్వవిద్యాలయపు భాషాపరిశోధన కేంద్రంగా ఉంది. కడప జిల్లా కైఫీయత్తులు కట్టా నరసింహులు సంపాదకత్వంలో సంపుటాలుగా అక్కడినుంచి వెలువడ్డాయి. పరిశోధకుల కోసం సిద్ధమైన ఆ సంపుటాలనుంచి ఊరికొక చిన్న కథగా, పెద్ద అక్షరాలతో, నేటి వాడుకకు దగ్గరి వచనంలో పుస్తకాలు తీయడం సాధ్యం.

అయితే ‘రాజుల యుద్ధములు’ ఒక హెచ్చరిక కూడా చేస్తోంది. సీమ చరిత్రను కత్తికథగా మాత్రమే చెప్పడం పాఠకుణ్ణి పిలవడానికి సులువైన మార్గం. ఆ మార్గాన్ని ముద్రణాలయమూ వాడుకుంది, ఆ తరువాత చలనచిత్రమూ వాడుకుంది. కరణం మాత్రం ముట్టడి పక్కనే చెరువునూ, ఫౌజు పక్కనే కోడలినీ నిలబెట్టాడు. పాఠకుణ్ణి రప్పించడానికి యుద్ధం పనికివస్తుంది. వచ్చినవాడు వెంట తీసుకువెళ్లేది మరొకటి కావచ్చు. 1853లో మనసు లేకుండా చదివినవారి పరీక్షలు ముగిశాయి, వారి కొలువులు ముగిశాయి. వారి కోసం అచ్చయిన పుస్తకంలో ఎవరూ చూడకుండా ఉండిపోయిన ముసలమ్మ 1899లో ఒక తెలుగు విద్యార్థి చేతిలో కావ్యమైంది. కైఫీయత్తుల్లో ఇంకా ఎదురుచూస్తున్నవారిని వెలికితీయడం ఇప్పటి పాఠకులకు కావలసిన పుస్తకాలను సిద్ధంచేయడమే అవుతుంది.